నిమ్మనూనె అంటిన చెయ్యి

"నాలుగింటికి వ్యాను పంపిస్తున్నా. ఈలోపు మీ తంటాలేవో మీరు పడండి" అని ఇన్‌స్పెక్టరు ఫోన్ పెట్టేశాడు.

ఆరాగారు వంటింటి గోడ గడియారం చూశారు. రెండూ యాభై. అంటే చేతిలో ఉన్నది డెబ్బై నిమిషాలు. అందులోనే ఎదురుగా స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న డ్రాయింగు మాస్టారు నేరం చేశాడో లేదో తేలాలి. తేలకపోతే ఆయన వ్యాను ఎక్కుతాడు. ఎక్కడం తేలిక, దిగడమే కష్టం.

ఆరాగారి అసలు పేరు ఆయనకి కూడా సంతకం పెట్టేటప్పుడే గుర్తొస్తుంది. ఇరవై రెండేళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేశారు. ప్రతివాడి దగ్గరా "ఇంకో చిన్న ఆరా" అంటూ మొదలుపెట్టేవారు. ఆ చిన్న ఆరా ఎప్పుడూ చిన్నగా ఉండేది కాదు. ఆ పేరే ఉండిపోయింది.

కేసు చూడబోతే చాలా సాదాసీదాది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఈ ఇంటి యజమానురాలు మేడ మీంచి వెనక పెరట్లోకి పడింది. మొక్కల నర్సరీ నడుపుతుంది. వీధి వీధంతా అక్కయ్య అనే పిలుస్తారు. కింద ఎరువు కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ తలకి దెబ్బ తగిలి మూడో రోజైనా స్పృహ రాలేదు. యాభై రెండేళ్ల వయసులో పెళ్లికి ఒప్పుకుంది మహాతల్లి. వరుడు కళ్లజోళ్ల షాపాయన. ఇంట్లో అందరూ ఆయన్ని ఆటపట్టించడానికి పెళ్లికొడుకు అనడం మొదలెట్టారు, ఆయనా ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆ సంతోషంలోనే ఆదివారం మధ్యాహ్నం అక్కయ్యకి ఇష్టమైన నిమ్మ, నారింజ, వోడ్కా కలిపిన కాక్‌టెయిల్ ఇంట్లోనే చేసుకుందామనుకున్నారు.

తమ్ముడైన డ్రాయింగు మాస్టారికి మాత్రం ఈ పెళ్లి ససేమిరా ఇష్టం లేదు. శనివారం అక్కతో పెద్ద గొడవ పడ్డాడు. అది పక్కింటివాళ్లూ విన్నారు. ఇన్‌స్పెక్టరుకి ఇంకేం కావాలి? దానికి తోడు సాక్ష్యం కూడా దొరికింది. పన్నెండుంబావుకి ఐసు తేవడానికి వెళ్లిన పెళ్లికొడుకు, పన్నెండూ నలభైకి గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి మేడ మీద మాస్టారి నీలం చొక్కా కనపడిందట. మాస్టారి కూతురు ఇరవయ్యేళ్ల పిల్ల. ఆ పిల్ల పదకొండు నుంచీ లైబ్రరీలో ఉందని మాస్టారే చెప్పాడు. ఒంటి గంటకి పోలీసులు కబురు చేస్తే అక్కడే దొరికింది. ఇక మిగిలింది ఒక్కడే.

"మాస్టారూ, ఇంకో చిన్న ఆరా" అన్నారు ఆరాగారు. "పదకొండున్నర నుంచి పన్నెండూ నలభై దాకా మీరెక్కడున్నారు?"

"ఎన్నిసార్లు చెప్పమంటారు? ఇక్కడే. అక్క కోసం ఆ డ్రింకు చేస్తున్నాను. కేక వినపడి పరిగెత్తాను."

"సరే. అయితే ఇప్పుడు మళ్లీ చెయ్యండి."

మాస్టారు తలెత్తాడు. "ఏంటి?"

"ఆ డ్రింకే. నాలుగు నిమ్మకాయలు, రెండు నారింజలు, ఒక బత్తాయి, పంచదార. వోడ్కా సీసా అల్మారాలో ఉంది. అన్నీ దగ్గరుండి తెప్పించాను. నేను గడియారం చూస్తుంటాను, మీరు కానివ్వండి."

"అక్క అక్కడ చావుబతుకుల్లో ఉంటే నన్నిక్కడ షర్బత్తు చెయ్యమంటారా!"

"అక్కయ్య కోసమేనయ్యా. నేను తాగడానిక్కాదు."

మాస్టారు విసురుగా లేచాడు. కాయల్ని కడిగి అడ్డంగా కోశాడు. గబగబా గ్లాసులోకి పిండి, డిప్పల్ని చెత్తబుట్టలో పడేశాడు. నారింజలూ అంతే, బత్తాయీ అంతే. జగ్గులో పోసి, వోడ్కా ఒంపి, రెండు చెంచాల పంచదార వేసి గిరగిరా తిప్పాడు. "ఐసు లేదు. ఉంటే వేస్తాను. అయిపోయింది" అన్నాడు.

"ఎనిమిది నిమిషాలు" అన్నారు ఆరాగారు. "ఆదివారం గంటా పది నిమిషాలు పట్టిందన్నారు. మిగతా గంటా రెండు నిమిషాలూ ఏం చేశారు?"

ఆరాగారు ఫ్రిజ్ తలుపు తీసి ఒక గాజు గిన్నె బయటపెట్టారు. విషం ఉందేమోనని ల్యాబువాళ్లు ఇందులోంచి కాస్త తీసుకెళ్లి, ఏమీ లేదని తేల్చి ఇక్కడే వదిలేశారు. గిన్నెలో సన్నగా, పొడుగ్గా, లోపలి తెల్లటి పొర అంటకుండా ఒలిచిన తొక్కలున్నాయి. పసుప్పచ్చటి పాకంలో ములిగి ఉన్నాయి.

"ఇది మీ పని కాదు మాస్టారూ. తెలిసినవాళ్లు ముందు తొక్క తీసి, తర్వాతే కాయ పిండుతారు. పిండేసిన డిప్పకి ఎవడూ తొక్క తియ్యలేడు. ఆ తొక్కల్ని పంచదారలో వేసి చేత్తో బాగా పిసికి గంటసేపు వదిలేస్తే అందులో ఉన్న నూనె అంతా దిగి ఇలా పాకం అవుతుంది. మధ్యలో ఇంకోసారి పిసకాలి. తర్వాత వడకట్టి, రసమూ వోడ్కా కలిపి, మూత బిగిసే స్టీలు సీసాలో ఐసుముక్కలు వేసి ఊపాలి. అక్కయ్య పద్ధతి అదేనని ఆవిడ స్నేహితురాలు, ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. ఈ పని మీద నన్ను పెట్టింది కూడా ఆవిడే. ఆదివారం ఈ తొక్కలు పిసికింది ఎవరు?"

"నేనే. ఇవాళ తొందర్లో మర్చిపోయాను."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. బొమ్మలు గీసుకునేవాడికి అదెలా వస్తుంది, పాపం! ఆరాగారికి కోపం రాలేదు, జాలేసింది. ఈయన అబద్ధం తనని తాను కాపాడుకోవడానికైతే ఇంత అధ్వాన్నంగా ఉండదు. మనిషి తన కోసం ఆడే అబద్ధాన్ని నాలుగుసార్లు తోముకుంటాడు. ఇది ఎవరి కోసమో అప్పటికప్పుడు అల్లింది. ఎవరి కోసం? ఈ ఇంట్లో ఈయనకి ఉన్నదెవరు? ఆలోచన అక్కడిదాకా వచ్చాక ఆరాగారికే అడుగు ముందుకి పడలేదు.

"పదండి, మేడెక్కుదాం" అన్నారు.

మూడూ అయిదుకి మేడ మీదున్నారు. కుండీలు, డ్రమ్ముల్లో పెంచిన నిమ్మచెట్లు, వాటి మధ్య నడవడానికి సన్నటి దారి. ఇంట్లోంచి వచ్చే మెట్లు ఒకవైపు, బయటనుంచి దిగే ఇనప మెట్లు ఇంకోవైపు. వెనకవైపు పిట్టగోడ మోకాలెత్తు దాటదు. ఇల్లు కట్టినవాణ్ని మనసులోనే నాలుగు తిట్టి, ఆరాగారు గోడ ముందు గొంతుక్కూర్చున్నారు.

గోడంతా బోసిగా ఉంది, ఒక్క జానెడు మేర తప్ప. అక్కడ చీమలు బారులు కట్టాయి. కుండీ కింద నుంచి బయల్దేరి, గోడ ఎక్కి, సరిగ్గా అంచు మీద రెండుచోట్ల మూగి ఉన్నాయి. ఆరాగారు వేలితో తడిమారు. జిగట. పంచదార పాకం ఎండి గట్టిపడింది. రెండు మోచేతులు ఆనినంత దూరంలో రెండు మరకలు.

"చీమల్ని కూడా విచారిస్తున్నారా? వారంటు ఇప్పించమంటారా?" అని మెట్ల దగ్గర నుంచి గొంతు వినపడింది. ఇన్‌స్పెక్టరు. నాలుగింటికి వ్యాను వస్తుందన్న మనిషి మూడూ ఇరవైకే దిగబడ్డాడు.

"మీవాళ్లకంటే ఇవే నయం. పిలవకపోయినా వచ్చి జరిగింది చూపిస్తున్నాయి" అన్నారు ఆరాగారు లేవకుండానే.

"కింద జగ్గు చూశాను. సోడా బండి పెట్టుకుంటారా ఏమిటి, రిటైరయ్యాక?"

"పెడితే మొదటి గ్లాసు మీకే. ముందు ఇది చెప్పండి. మాస్టారు తోసేశాడు అంటున్నారు. అక్కయ్య ఎడమ చెయ్యి చూశారా?"

"చూడకేం? గీరుకుపోయింది."

"ఎప్పుడు చూశారు?"

"ఆదివారం."

"ఆదివారం ఆ చేతి మీద ఏమీ లేదు. నిన్న సాయంత్రం పైకి తేలింది. ఇవాళ పొద్దున డాక్టరమ్మ నాకు చూపించింది. మోచేతి కింద నుంచి గోధుమరంగు చారలు. ఒకపక్క నాలుగు, ఇంకోపక్క వెడల్పుగా ఒకటి. చిన్న చిన్న బొబ్బలు కూడా. దెబ్బైతే నల్లగానో నీలంగానో కములుతుంది. ఇది కాలిన మచ్చ. నిప్పు లేకుండా కాలింది."

"నిప్పు లేకుండా ఎలా కాలుతుందండీ?"

"నిమ్మతొక్క నూనెతో. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే, ఒకటి రెండు రోజులకి చర్మం కాలినట్టు అవుతుంది. మా కంపెనీలో ఒకాయన స్టవ్ పేలి చేతులు కాలాయని క్లెయిము పెట్టాడు. ఆరా తీస్తే, ఎండలో పళ్లరసం బండి దగ్గర రోజంతా నిమ్మకాయలు పిండిన మనిషి. అప్పుడు తెలుసుకున్నాను. ఆదివారం ఎవరో నిమ్మనూనె అంటిన చేత్తో అక్కయ్య చెయ్యి పట్టుకున్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఇరవై అయిదు నిమిషాలు ఆవిడ ఎండలోనే పడి ఉంది. ఆ పట్టు అలాగే అచ్చు పడింది."

ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. "ఇంకేం మరి! డ్రింకు చేసింది మాస్టారు, చేతికి నూనె ఉన్నది మాస్టారికి, పట్టుకున్నది మాస్టారు! నాకు పని తగ్గించారు సార్. చాలా థాంక్స్."

ఆ మాట పూర్తయ్యేలోపే డ్రాయింగు మాస్టారు ముందుకొచ్చి రెండు మణికట్లూ జోడించి చాపాడు. "అవును. నేనే తోశాను. పెళ్లి చేసుకుంటానంటే ఒళ్లు మండి తోసేశాను. తీసుకెళ్లండి నన్ను. ఇంకెవర్నీ ఏమీ అడగొద్దు."

"ఇంకెవర్నీ" అన్న మాట ఆరాగారి చెవిలో గుచ్చుకుంది. ఆయన లేచి, చాపిన ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని వెల్లకిలా, బోర్లా తిప్పి చూశారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, అంబులెన్సు వచ్చేదాకా అక్కయ్య తల ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చున్నది ఎవరు?"

"ఈయనే. మా రిపోర్టులోనే ఉంది."

"ఇరవై అయిదు నిమిషాలు నడినెత్తిన ఎండలో. నిమ్మతొక్కలు పిసికిన చేతులైతే ఇవాళ్టికి బొబ్బలెక్కి ఉండాలి. ఈ చేతులు చూడండి. పెన్సిలు మరక తప్ప మచ్చన్నది లేదు. ఈయన తొక్కలు పిసకలేదు. అక్కయ్యని పట్టుకోలేదు. తొయ్యలేదు."

ఇన్‌స్పెక్టరు వంగి మాస్టారి చేతులు దగ్గరగా చూశాడు. చెడ్డ మనిషి కాదు ఆయన, తొందర మనిషి. అది ఆరాగారికి తెలుసు. అయినా ఒకసారి చురక వేయకుండా ఉండలేకపోయారు. "సోడా బండికి మనిద్దరం వాటా పెట్టుకుందాం లెండి."

"మరి ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఈసారి వెటకారం లేకుండా.

మాస్టారు గోడకి ఆనుకుని జారి కూర్చుండిపోయాడు. "సార్, మీకు దణ్ణం పెడతాను. తల్లి లేని పిల్ల. చిన్నపిల్ల. ఏదో కోపంలో చేసుంటుంది. నేను ఒప్పుకున్నానుగా, నన్ను తీసుకుపోండి."

మూడు రోజులుగా కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. శనివారం గొడవ తర్వాత ఆయన అలిగి ఆదివారమంతా తన గదిలో పడుకున్నాడు. డ్రింకు చేసింది కూతురు, మేనత్త నేర్పిన పద్ధతిలో. పన్నెండూ నలభైకి కేక వినపడి ఆయన మెట్లెక్కేసరికి, పిట్టగోడ దగ్గర కూతురు రెండు చేతులూ ముందుకి చాపి నిలబడి ఉంది. కింద అక్క. మేడ మీద ఇంకెవ్వరూ లేరు. ఒక్క ముక్క అడగలేదాయన. "నువ్విక్కడ లేవు, లైబ్రరీలో ఉన్నావు, పో" అని వెనక దారిన పంపేశాడు. ఆ పిల్ల చేతులు కూడా కడుక్కోకుండా ఎండలో నడిచి వెళ్లింది. ఆ రోజు నుంచీ నోరు విప్పలేదు, సరిగ్గా తినలేదు.

"మీరు అడగలేదు. పిల్ల చెప్పలేదు" అన్నారు ఆరాగారు. కన్నకూతురే తోసేసిందని నమ్మి, ఆ నమ్మకాన్ని మూడు రోజులు మోసి, ఆ బరువుతోనే జైలుకి పోవడానికి సిద్ధపడ్డాడు. ప్రేమ ఉండాల్సినంత ఉంది. ఒక్క ప్రశ్న అడిగే ధైర్యమే లేకపోయింది. ఇంట్లోవాళ్లని ఆరా తియ్యాల్సొస్తే తనైనా అడిగేవాడా అనుకుంటూ ఆరాగారు మెట్లవైపు నడిచారు.

ముగ్గురూ కిందికి దిగారు. పిల్ల గది తలుపు ఓరగా వేసి ఉంది. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఉక్కపోతలో కూడా చేతులు రెండూ శాలువలో చుట్టుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు ముందుకి అడుగు వెయ్యబోతే ఆరాగారు చెయ్యి అడ్డం పెట్టారు. కుర్చీ లాక్కుని, మంచానికి కాస్త దూరంగా కూర్చున్నారు.

"అమ్మా, నిన్నేమీ అడగను. నేనే ఒకటి చెప్తాను, విను. మీ అత్తయ్య చేతి మీద మచ్చలు చూశాను. తోసేసిన చెయ్యి ఒక్క క్షణం తగిలి వెనక్కి వస్తుంది. మచ్చ పడితే ఒక్కచోటే పడాలి. ఈ చారలు మోచేతి కింద మొదలై, మణికట్టు మీదుగా, అరచెయ్యి దాటి వేళ్ల చివరిదాకా సాగాయి. అంటే పైన ఒక మనిషి గోడ మీద మోచేతులు ఆనించి, కింద వేలాడుతున్న మనిషిని పట్టుకుంది. జారిపోతున్నా వదల్లేదు. వేళ్ల చివరిదాకా వదల్లేదు. నువ్వు తొయ్యలేదమ్మా. ఆఖరి క్షణం దాకా పట్టుకునే ఉన్నావు. అది మీ అత్తయ్య చర్మం మీదే రాసి ఉంది. ఎవరు ఏమన్నా, అది చెరగదు."

పిల్ల భుజాలు కదిలాయి. మెల్లగా ఇటు తిరిగింది. శాలువలోంచి చేతులు బయటికి తీసింది. వేళ్ల నిండా గోధుమరంగు మచ్చలు, బొబ్బలు. డ్రాయింగు మాస్టారు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"జిడ్డుగా ఉన్నాయి" అంది. మూడు రోజుల తర్వాత మొదటి మాట, గొంతు బొంగురుపోయింది. "నా చేతులు జిడ్డుగా ఉండి జారిపోయింది. ఒక్కసారి తుడుచుకుని వెళ్లుంటే... నేనే చంపేశాను అత్తయ్యని."

"అత్తయ్య బతికే ఉందమ్మా. పిట్టగోడ ఎలా దాటింది ఆవిడ?"

పిల్ల తండ్రి వైపు చూసింది. మాస్టారు వచ్చి మంచం పక్కన కింద కూలబడ్డాడు. "చెప్పు తల్లీ. నేను అడగాల్సింది. బుద్ధిలేక అడగలేదు. చెప్పు."

"పైన గట్టిగా మాటలు వినపడ్డాయి. రెండోసారి తొక్కలు పిసుకుతున్నాను, అలాగే పరిగెత్తాను. 'నీ భార్య నాకు ఉత్తరం రాసింది. చచ్చిపోయిందని చెప్పావే, ఎంత ధైర్యం' అంటోంది అత్తయ్య. నేను పై మెట్టు ఎక్కేసరికి ఆయన రెండు చేతుల్తో తోసేశాడు. నేను వెళ్లి ఒక చెయ్యి పట్టుకున్నాను. 'రెండో చెయ్యి పట్టుకోండి, పట్టుకోండి' అని ఎంత అరిచానో! పట్టుకోలేదు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. జారిపోయాక నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా 'నీ చేతుల్లోంచేగా జారింది? నోరు తెరిచావంటే నిన్నే పట్టుకుంటారు' అన్నాడు. బయటి ఇనప మెట్ల మీంచి దిగిపోయాడు."

"ఎవరమ్మా? సూటిగా చెప్పు, ఎవరు?" ఇన్‌స్పెక్టరుకి తెలిసిపోయింది. అయినా అడిగాడు, పాపం, వేరే జవాబు వస్తుందేమోనని.

"పెళ్లికొడుకు."

ఐసు కోసం వెళ్లానన్న మనిషి. నీలం చొక్కా చూశానన్న మనిషి. కేక విని మాస్టారు మేడెక్కినప్పుడు ఇనప మెట్ల మీద నక్కి చూసి ఉంటాడు చొక్కాని. మూడు రోజులుగా ఆస్పత్రి వరండాలో తిండి మానేసి కూర్చున్నాడని నర్సులంతా కళ్లు తుడుచుకున్న మనిషి.

"అక్కయ్య గది దగ్గర మీ కానిస్టేబులున్నాడుగా?" అన్నారు ఆరాగారు.

ఇన్‌స్పెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున తీసేశాను. నిందితుడు ఇక్కడున్నాడు కదా, అక్కడ కాపలా దేనికని. ఆ పెళ్లికొడుకే అడిగాడు, యూనిఫారం చూస్తే పేషెంటు భయపడుతుందని..."

ఆరాగారు ఫోను తీస్తుండగానే అది మోగింది. డాక్టరమ్మ. అంత సంతోషం ఆవిడ గొంతులో ఆయన ఎన్నడూ వినలేదు.

"ఆరాగారూ, శుభవార్త! అక్కయ్య కళ్లు తెరిచింది! ఏదో చెప్పాలని చూస్తోంది, ఇంకా మాట రావట్లేదు. పాపం మన పెళ్లికొడుకు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడండీ. అయిదు నిమిషాలు మమ్మల్నిద్దర్నే ఉండనివ్వండి అని బతిమాలాడు. కాదనలేక నర్సుల్ని కూడా బయటికి పంపేసి, నేనే తలుపు దగ్గరికి వేసి వచ్చాను."